పదిహేడు పాయింట్లు

ముత్తుకూరు,
నెల్లూరు జిల్లా,
20–8–1963

చిరంజీవి పరంజ్యోతికి నీ బావ జయరామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని ఐదేళ్ళుగా మొదలుపెడుతున్నాను. ఈసారి ఆ వాక్యం రాయడానికి లేదు. మీ అక్క ఆనందకుమారి ఈ నెల ఆరో తేదీ మంగళవారం తెల్లవారి ఐదున్నరకు చనిపోయింది. బాధ పడలేదు. చివరి రెండు గంటలు మాటలు లేవు. అదే రోజు సాయంత్రం చర్చి వెనక, సరుగుడు తోట పక్కన సమాధి చేశాము. అక్కడంతా ఇసుక. తవ్విన గుంట అంచులు నిలవక, పోలేరయ్య తన పడవ బల్లలు తెచ్చి అడ్డం పెట్టాడు.

తంతి ఇవ్వలేదు. ఇచ్చినా మాస్కో నుంచి నువ్వు వేళకు రాలేవు. తంతి కాగితంలో ఏం రాయాలో కూడా నాకు తోచలేదు.

కడుపులో గడ్డ. నవంబరులో రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించాను. కోసినా లాభం లేదన్నారు. ఆరు నెలలన్నారు. తొమ్మిది నెలలుంది. నీకు తెలియనివ్వవద్దని నా దగ్గర మాట తీసుకుంది. అడిగింది ఆమె అయినా, తొమ్మిది నెలల పాటు నీకు దాచింది నేను. నా మీద కోపం వస్తే అది న్యాయమే.

నీ కార్డు మూడో తేదీన అందింది. మాడ్రిడ్‌లో మీవాళ్ళు, మీ మాస్కో బాస్కెట్‌బాల్ జట్టు, 86–69తో ఓడారన్న కార్డు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. నీ పెద్ద ఉత్తరం పద్నాలుగో తేదీన వచ్చింది. జూలై 31న మాస్కోలో మీవాళ్ళు 91–74తో గెలిచారని, అక్కడ పోయిన పదిహేడూ ఇక్కడ పదిహేడుగానే తిరిగొచ్చి రెండు జట్లకూ సరిసమానమైందని, మర్నాడే మూడో ఆట పెట్టి 99–80తో గెలిచారని, ఐరోపా క్లబ్బుల కప్పు మాస్కోకే దక్కిందని రాశావు. కవరు మీద ఎప్పటిలాగే నా పేరుంది. లోపల మొదటి వాక్యం మాత్రం ‘అక్కా, గెలిచాం’ అని ఉంది. ఆ మాట ఎనిమిది రోజులు ఆలస్యంగా వచ్చింది.

ఒక సంగతి నీకు తెలియదు. ఫిబ్రవరిలో ఆమె ఒక పందెం వేసుకుంది. ఈ ఏడు వాడి జట్టు కప్పు గెలిస్తే వాడికి ఉత్తరం రాస్తాను అన్నది. ఐదేళ్ళలో నీకు ఒక్క అక్షరం రాయని మనిషి. మీవాళ్ళు గెలిచారు. గెలిచిన కబురు వచ్చేటప్పటికి ఆమె లేదు.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. మళ్ళీ స్కూలుకు పోతున్నాను. డ్రిల్లు పీరియడ్లు తీసుకుంటున్నాను. ఆరోగ్యం చూసుకో.

నీ బావ,
జయరామయ్య


ముత్తుకూరు,
27–10–1963

చిరంజీవి పరంజ్యోతికి నీ బావ దీవెనలు.

నీ ఉత్తరం పదో తేదీన చేరింది. జిల్లా ఆటల పోటీలున్నాయని జవాబు వాయిదా వేశాను. అది సాకు. పోటీలు మూడు రోజులే.

ఆరు పేజీల ఉత్తరంలో నువ్వు అడిగింది ఒక్కటే. అక్క నాకేమైనా రాసి పెట్టిందా అని.

ఇంట్లో ఉత్తరమేదీ లేదు.

ఉన్నది చెబుతాను. కొంత నీకు తెలిసిందే. తెలిసిందీ తెలియనిదీ కలిపితేనే మీ అక్క కాబట్టి మొత్తం రాస్తున్నాను.

నువ్వు మద్రాసులో ఇంటర్వ్యూ అని చెప్పి వెళ్ళిన రోజు ఆమె నీ కోసం సాయంత్రం బండికి ఎదురు చూసింది. మర్నాడూ చూసింది. రెండు పూటలా నీకు కంచం పెట్టి, మూసి, తీసింది. ఇరవయ్యో రోజున మాస్కో నుంచి కవరు వచ్చింది, తెలుగులోకి పుస్తకాలు అనువదించే ఉద్యోగం దొరికిందని. నేను చదివి వినిపించాను. ఆమె అన్న మాట నీకు అప్పుడు రాయలేదు. ‘తొమ్మిదేళ్ళప్పటి నుంచి పెంచినానే, నాతో అబద్ధం చెప్పాల్సిన పనేముండాది వాడికి? నిజం చెప్పింటే నేనే బండెక్కించి ఉందునే’ అన్నది. వెళ్ళినందుకు కాదు పరంజ్యోతీ. ఆ కోపం అబద్ధానికి.

నీ ఉత్తరాలు ఆమె చేత్తో తాకేది కాదు. నేను వసారాలో కూర్చుని పైకి చదవాలి. ఆమె వంటింట్లో ఉండాలి. అది మా ఇంటి పద్ధతి అయిపోయింది. నీ యోగక్షేమాలు వచ్చినచోట గరిటె చప్పుడు పెంచేది. బాస్కెట్‌బాల్ వచ్చేసరికి చప్పుడు ఆగేది. నువ్వూ కనిపెట్టినట్టున్నావు. నాలుగో ఉత్తరం నుంచి యోగక్షేమాలు తగ్గాయి, ఆట పెరిగింది. రీగా జట్టు వరసగా మూడేళ్ళు గెలిచిందని, అందులో ఏడడుగుల పైచిలుకు మనిషి ఉన్నాడని రాసినప్పుడు ఆమె వంటింట్లోంచే, ‘అంత పొడుగోడికి రింగు చేతికే తగలతాది. వాడు గోలు వేస్తే గొప్పేముంది? మనట్టా పొట్టోళ్ళు వెయ్యాల గాని’ అన్నది. నీకు చలికి చెవులు పగిలాయని రాసినది గరిటె చప్పుడులో వినలేదనే అనుకున్నాను. మర్నాడు ఎవరినో అడిగినట్టు, ‘ఆ దేశంలో కొబ్బరినూనె దొరకదా?’ అన్నది. అన్నీ వినేది.

కిందటి ఏడు కప్పు చివరి ఆట జెనీవాలో ఒక్కటే ఆడించారని రాశావు. ఆ మాట నాకు గుర్తుండిపోయింది. గుర్తుండకపోయినా బాగుండేది.

రాయవేలూరు నుంచి వచ్చాక మంచం వసారాలో వేయించుకుంది. అక్కడి నుంచి దొడ్లో రింగు కనిపిస్తుంది. మన కమ్మరి పీపా పట్టా వంచి చేసిన రింగే, మీరిద్దరూ ఆడుకున్నదే. ఉప్పుగాలికి ఏటా తుప్పు పడుతుంది, ఏటా రంగు వేసేది. ఈ ఏడు నేను వేశాను. ఆమె మంచం మీది నుంచి ఎక్కడ తప్పిందో చెప్పేది. పోలేరయ్య ఎప్పటిలాగే చేపలవల దారంతో కొత్త నెట్టు అల్లి తెచ్చి కట్టాడు. ‘ఈసారి గట్టిదారం వేసినా తల్లీ, రెండేళ్ళకి తెగదు’ అన్నాడు. ‘అంత గట్టిది నాకెందుకురా, ఆర్నెల్లది చాలదా?’ అని ఆమె నవ్వింది. పోలేరయ్యకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడు నిచ్చెన దిగకుండా అక్కడే చాలాసేపు ముడి సర్దుతూ ఉండిపోయాడు.

నీ ఉత్తరాలు అప్పుడు మంచం పక్కన కూర్చుని చదివేవాణ్ణి. గరిటె లేదు కనుక అన్నీ చదివేవాణ్ణి. యోగక్షేమాల దగ్గర కళ్ళు మూసుకునేది. ఈ ఏడు పోటీ ఆమెకు ఎంత వంటబట్టిందంటే, ప్రతి రౌండుకూ రెండు ఊళ్ళలో రెండు ఆటలు ఆడి పాయింట్ల తేడా కలిపి చూస్తారన్న పద్ధతిని నాకే విడమరిచి చెప్పేది. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆటలు ఆడిస్తున్నాను. ఓడినవాడు ఓడినట్టే. సగం ఓటమి అంటూ ఉండదు అన్నాను. ‘మీకు విజిల్ ఊదేదాకే తెలుసు మాస్టారూ’ అన్నది.

ఫిబ్రవరిలో ఎలిశబెతమ్మ వచ్చింది. పక్క వీధి బైబిలు బోధకురాలు, నీకు జ్ఞాపకముంటుంది. ఆమె మెల్లగా, ‘ఆనందమ్మా, ఇంకా ఎందుకమ్మా పంతం, పిల్లోడికి ఒక్క ముక్క రాసెయ్యి, ప్రభువు దగ్గరికి బరువుతో పోబాకు’ అన్నది. మీ అక్క కొంచెం కోపంగానే సమాధానం చెప్పింది. ‘ఇప్పుడు రాస్తే జబ్బు రాయించినట్టు. వాడు జాలిపడి పరుగెత్తుకొస్తాడు. నాకు జాలి వద్దక్కా. చిన్నప్పుడు మేం ఏ తగువైనా రింగు దగ్గరే తేల్చుకునేవాళ్ళం. ఓడినోళ్ళు ముందు పలకరించాల. ఎప్పుడూ వాడే ఓడేవోడు. ఈసారి వాడి జట్టు కప్పు గెలిస్తే నేను ఓడినట్టు. నేనే ముందు రాస్తా’ అన్నది. ఎలిశబెతమ్మ, ‘గెలవకపోతేనో?’ అన్నది. ‘గెలుస్తారులే’ అన్నది మీ అక్క.

అప్పటినుంచి పోస్టుమాన్ సిలార్ సైకిలు గంట కోసం ముగ్గురం వినేవాళ్ళం. ఆమె, నేను, ఎలిశబెతమ్మ. సిలార్ కూడా ఆటలో చేరిపోయాడు. సెమీఫైనల్ గెలిచిన ఉత్తరం తెచ్చినప్పుడు కవరు చింపేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఇక మూడో తేదీ. శనివారం. సిలార్ నీ కార్డు తెచ్చి నాకు స్కూల్లోనే ఇచ్చాడు. కార్డు కదా, తానే చదివాడు. ‘మీ బామ్మర్ది ఈసారి ఒక్క ముక్కే రాసినాడు సార్. ఓడిపోయినారంట. అమ్మతో చెప్పబాకండి’ అన్నాడు. కార్డులో నిజంగానే ఒక్క ముక్క: ‘మాడ్రిడ్‌లో 86–69తో ఓడాం. వివరాలు తర్వాత.’ కిందటి ఏడు జెనీవా మాదిరిగా ఇదే చివరి ఆట అనుకున్నాను. చివరి ఆట ఒక జట్టు సొంత ఊళ్ళో ఎందుకు పెడతారు అన్న ప్రశ్న ఏ ఆటగాడికైనా రావాలి. నాకు రాలేదు.

ఆమెకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. మూడు గంటలకు మెలకువ వచ్చినప్పుడు చెప్పాను. ఎంత తేడా అన్నది. పదిహేడు అన్నాను. యాడ ఆడినారు అన్నది. మాడ్రిడ్‌లో అన్నాను. కాసేపు రింగు వైపు చూసింది. ‘వాళ్ళ ఊళ్ళోనా? పదిహేడేనా? అయితే ఇంకా ఉండాది మాస్టారూ’ అన్నది. జ్వరంలో అంటున్నదనుకున్నాను. సరేనన్నాను.

జ్వరం కాదని పద్నాలుగో తేదీన నీ ఉత్తరం చదివాక తెలిసింది. ఆమె చెప్పినట్టే ఉంది. ఒకటి కాదు, ఇంకా రెండు ఆటలున్నాయి.

కాబట్టి మీ అక్క నీ ఓటమి నమ్మి పోలేదు. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఇదే. ఉత్తరం గురించి ఇక అడగవద్దు.

నీ బావ,
జయరామయ్య


ముత్తుకూరు,
2–2–1964

చిరంజీవి పరంజ్యోతికి,

నీ బావ దీవెనలు. ఇక్కడ వానలు వెనకపట్టాయి. మొన్న గాలికి దొడ్లో మునగచెట్టు విరిగింది. రింగుకేమీ కాలేదు. పోలేరయ్య కట్టిన నెట్టు గట్టిగానే ఉంది. వాడు చెప్పినట్టు రెండేళ్ళూ ఉండేట్టుంది.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. పైకే చదివాను, అలవాటు కొద్దీ. నువ్వు రాసిన మాటలు ఇవి: ‘అక్కను నాకంటే ఎరిగినవాళ్ళు లేరు. రాసే మనసుంటే ముందే ఒక ముక్క రాసి మీ చేతికిచ్చేది. పందెం అన్నది తప్పించుకోవడానికి. గెలిచినా రాసేది కాదు. నేను ఓడిపోయాను బావా.’ వేసవి సెలవుకు రానన్నావు. ఆ సమాధి దగ్గర నిలబడే అర్హత లేదన్నావు. ఇకమీద ఆటల సంగతి రాయనన్నావు, వినేవాళ్ళు లేరు కనుక.

ఆటల సంగతి రాయి. నేను వింటాను.

మిగతాదానికి జవాబు రాయాలని నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. రాలేదు. బదులుగా ఒక పాత సంగతి గుర్తొస్తున్నది, అది రాస్తాను.

యాభై రెండులో కావలిలో బాలికల పోటీలు జరిగాయి. మీ అక్క తన స్కూలు పిల్లల్ని తీసుకొచ్చింది. నేను రిఫరీని. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. చివరి క్షణంలో ఒక పిల్ల బంతి విసిరింది. బంతి గాల్లో ఉండగా టైము అయింది. విజిల్ ఊదాను. బంతి రింగులో పడింది. గోలు లేదన్నాను. మీ అక్క కోర్టులోకి వచ్చి అందరి ముందూ, ‘చెయ్యి వదిలినాక విజిల్ ఊదినారు. బంతి గాల్లో ఉంటే లెక్కకొస్తాది. పుస్తకం చూసుకోండి’ అన్నది. అప్పటికి మా పెళ్ళయి ఎనిమిదేళ్ళు. భార్య మాట విని తీర్పు మార్చాడంటారని మార్చలేదు. పిల్లలు ఏడ్చుకుంటూ బండెక్కారు.

ఇంటికొచ్చి నిబంధనల పుస్తకం తీశాను. ఆమె చెప్పిందే రైటు. ఆమెతో అనలేదు. నెల తర్వాత ఆమే, కూర తరుగుతూ తల ఎత్తకుండా, ‘ఆ పేజీ మడత పెట్టినారే’ అన్నది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను తప్పు చేస్తే ఎక్కడ మడత పెడతానో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఆ మడత చూసేవాళ్ళు లేరు.

చలి జాగ్రత్త. చెవులకు నూనె రాసుకో.

నీ బావ,
జయరామయ్య

తా.క. సంతకం పెట్టి కవరు అంటించబోయాను. చెయ్యి రాలేదు. ఇది కూడా చదువు.

మీ అక్క రాసింది. జూన్ పదహారు, ఆదివారం. చర్చి నుంచి నేను వచ్చేసరికి దిండుకు ఆనుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నది. గెలిచే రోజుకు చెయ్యి పెన్ను పట్టదు, ఇప్పుడే రాసి పెడుతున్నా అన్నది. మధ్యాహ్నం దాకా రాసింది, ఆగి ఆగి. గంజి మెతుకుతో తానే అంటించింది. ఇంగ్లీషులో నీ అడ్రసు నా చేత రాయించింది. నా చేతికిచ్చి, ‘గెలిచినారని తెలిసిన రోజు పోస్టులో వెయ్యండి. ఓడిపోయినారని తెలిసిన రోజు పొయ్యిలో వెయ్యండి. మీరు మాత్రం చదవబాకండి’ అన్నది. పొయ్యెందుకు అన్నాను. ‘పందెం అంటే పందెమే. ఓడినా పంపితే అది జాలుత్తరం’ అన్నది. నా బీరువాలో నిబంధనల పుస్తకంలో పెట్టాను.

ఆగస్టు మూడున సిలార్ ఇచ్చిన కార్డు పట్టుకుని ఇంటికి వచ్చాను. ఆమె నిద్రపోతున్నది. పొయ్యి మీద ఆమె కాళ్ళు కాపడానికి నీళ్ళు కాగుతున్నాయి. పుస్తకంలోంచి కవరు తీసి పొయ్యిలో పెట్టాను. చెప్పిన మాట చెప్పినట్టు చేశాను. ఒక్క పూట ఆగలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు, నిజమే. తొమ్మిది నెలలు ఆమె కాళ్ళు కాచినవాణ్ణి నేను, ఉత్తరం మాత్రం నీకు. ఆ ఆలోచన ఆ క్షణంలో నాలో ఉందో లేదో నాకు తెలియదు. లేదని రాయలేను.

ఆ తర్వాత మూడు గంటలకు ఆమె మేలుకుని, పదిహేడేనా, ఇంకా ఉండాది అన్నది. అప్పటికి పొయ్యిలో బూడిద కూడా చల్లారింది. ఆదివారం నాడు ఒకసారి, ఉత్తరం జాగ్రత్తగా ఉండాదా అని అడిగింది. జాగ్రత్తగా ఉందన్నాను. కిందటి ఉత్తరంలో ఆమెకు అబద్ధం చెప్పడం నాకు చేతకాదని రాశాను. చేతనైంది. ఆ మాట నమ్మి నిశ్చింతగా పోయింది.

నేను దాన్ని పొయ్యిలో పెట్టింది మూడో తేదీన. మీవాళ్ళు కప్పు గెలిచింది ఒకటో తేదీన. అంటే ఆ కవరు కాలేటప్పటికే పందెం నువ్వు గెలిచి రెండు రోజులైంది. ఆ ఉత్తరం నీది. బంతి గాల్లో ఉంది, నేను విజిల్ ఊదాను.

ఆమె అక్షరం ఒక్కటి కూడా నేను చదవలేదు. చదివి ఉంటే బాగుండునని ఇప్పుడు ప్రతిరోజూ అనుకుంటాను. నాకు తెలిసింది ఒక్కటే. రాస్తూ రాస్తూ తల ఎత్తి, వాడు మద్రాసుకని పోయిన రోజు నేను కట్టిచ్చింది పులిహోరా, పెరుగన్నమా అని నన్నడిగింది. పులిహోర అన్నాను. కాసేపు ఆలోచించి, ‘కాదు. పెరుగన్నం. నిమ్మకాయ ఊరగాయ పెట్టినా. వాడు డబ్బా తిరిగి తేలేదు’ అని నవ్వి, మళ్ళీ రాసుకుంది.

నువ్వు అడిగిందానికి జవాబు ఇది. నన్ను క్షమించమని అడగను. వేసవిలో రా. సమాధి దగ్గర నిలబడే అర్హత ఎవరికి లేదో వచ్చి చూడు.

రెండు కాగితాలు రాసింది. రెండోది నిండిపోతే వెనక పక్క కూడా రాసింది.